చెదలు తిన్న చివరి పేజీ

ఆ గురువారం పొద్దున గంగాధరం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా ముప్పై ఒక్క స్టాండుల మీద ముప్పై ఒక్క నోట్సు కాగితాలు సర్దాలి. ఆ తరువాత మంచి చొక్కా తొడుక్కోవాలి. నాలుగింటికి అల్ మవాలే వెళ్లి భార్య పెంచలమ్మను వెంటబెట్టుకొచ్చి, ఏడింటికి హోటలు హాల్లో ఆవిడ పక్కన కూర్చుని కచేరీ వినాలి. ఇంతకన్నా మర్యాదస్థుడి ప్లాను ఎవరూ వెయ్యలేరు. అయితే గంగాధరం వేసిన ప్లానుల్లో రెండో మెట్టు దాటినది ఇంతవరకూ ఒక్కటీ లేదు.

మస్కట్‌లో సముద్రం ఒడ్డునున్న ఆ పెద్ద హోటల్లో అతను యూనిఫారాల స్టోరు చూసుకుంటాడు. వంటవాళ్ల టోపీలు, వెయిటర్ల తెల్లకోట్లు, డ్రైవర్ల టైలు అన్నీ అతని కనుసన్నల్లోనే ఉంటాయి. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు మాత్రం జిలాని మాస్టరు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. జిలాని మాస్టరు పోలీసు బ్యాండులో చేసి రిటైరైన మనిషి. అందుకని ఐదు గీతల మీద నోట్సు రాయడం, చదవడం శిష్యులకు బెత్తంతో నేర్పాడు. ఆ విద్య పెళ్లి ఊరేగింపుల్లో ఎందుకూ పనికిరాలేదు. పదేళ్ల తరువాత ఒమన్‌లో, ఇస్త్రీ వాసన కొట్టే స్టోరులో పనికొచ్చింది.

పనికొచ్చేలా చేసినవాడు హోటలు ఆర్కెస్ట్రా కండక్టరు మెనెజెస్. గోవా మనిషి. స్వాతంత్ర్యానికి ముందు బొంబాయి హోటళ్లలో వాళ్ల నాన్న పెద్ద స్వింగ్ బ్యాండు నడిపాడట. ఐదు సాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, వెనక డ్రమ్ములు, ముందు కాళ్లు నిలవని జనం. ఆయన పోతూ పోతూ కొడుక్కి ఒక రేకుపెట్టె వదిలి వెళ్లాడు. అందులో తన బ్యాండు కోసం స్వయంగా కూర్చుకున్న ఒక డాన్సు బాణీ కాగితాలున్నాయి. దాన్ని ఈ కాలపు ఆర్కెస్ట్రాకు, అంటే పన్నెండు వయొలిన్లూ చెల్లోలూ ఉన్న గంభీరమైన సంస్థకు సరిపోయేలా మళ్లీ అల్లాలని, అల్లినా పాత ఊపు పోకూడదని మెనెజెస్ పట్టుపట్టాడు. రెండు నెలల పాటు డ్యూటీ అయ్యాక గంగాధరం ఆ కాగితాలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాశాడు. సాక్సఫోన్లు ఊగే చోట వయొలిన్లు ఏం చెయ్యాలన్న దానిమీద ఇద్దరూ రోజూ వాదించుకున్నారు. మెనెజెస్ హిందీ బొంబాయిది, గంగాధరం హిందీ ప్రొద్దుటూరుది. ఆ రెండూ కలిసి ఏ భాషయ్యేదో మనకెందుకు, తెలుగులోనే చెప్పుకుందాం.

ఒక్కటే లోటు. చివరి పేజీని చెదలు తిన్నాయి.

"అసలు మజా అంతా చివరి పేజీలోనే ఉందనేవాడు నాన్న. అదేమిటో నాకు తెలీదు. నేనప్పటికి ఉయ్యాల్లో ఉన్నాను," అని మెనెజెస్ నిట్టూర్చేవాడు. ఎన్ని రకాలుగా ఆలోచించినా తేలక, చివరికి సొంతంగా ఒక ముగింపు రాశాడు. అందులో వయొలిన్లు మెల్లగా, ఇంకా మెల్లగా తగ్గిపోయి, ఎవరికీ చెప్పకుండా ఆగిపోతాయి. గంగాధరానికి అది నచ్చలేదు. పెరుగు వడ్డించకుండానే విస్తరి ఎత్తేసినట్టుందని అనుకున్నాడు. అనుకున్నాడే గాని అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. ఆరేళ్లుగా పెంచలమ్మ అల్ మవాలేలో కుల్సుమ్ మేడం ఇంట్లో పనిచేస్తూ అక్కడే ఉంటోంది. గంగాధరం హోటలు వెనక రూమ్‌లో మరో ఐదుగురితో ఉంటాడు. పెళ్లయి పదకొండేళ్లయిన ఆ మొగుడూ పెళ్లాలు శుక్రవారం సాయంత్రం రెండు గంటలు పార్కు బెంచీ మీద కాపురం చేస్తున్నారు. కచేరీ బాగా జరిగితే గంగాధరాన్ని ఆర్కెస్ట్రా లైబ్రేరియన్‌గా తీసుకుంటానని మెనెజెస్ మాటిచ్చాడు. ఆ ఉద్యోగానికి ఫ్యామిలీ క్వార్టరు ఉంది. ఒక గది, ఒక వంటిల్లు, లోపలినుంచి గడియ పెట్టుకోగల ఒక తలుపు. గంగాధరం రెండు నెలలుగా ఆ తలుపు గురించే కలలు కంటున్నాడు.

ప్లానులో మొదటి మెట్టు నిర్విఘ్నంగా దాటింది. కాగితాలన్నీ స్టాండులెక్కాయి. రెండో మెట్టు, మంచి చొక్కా. లాండ్రీ నుంచి వచ్చిన నీలం చొక్కా మడత విప్పి తొడుక్కుంటుంటే జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే, ఉతికి, పిండి, ఇస్త్రీ కూడా చేసిన కాగితం ముద్ద.

అదేమిటో గంగాధరానికి వెంటనే తెలిసిపోయింది. హోటలు ఆర్కెస్ట్రాలో ట్రంపెట్లూ ట్రాంబోన్లూ లేవు. అందుకని మెనెజెస్ ఫోన్ మీదే మాట్లాడి దుబాయి నుంచి ఏడుగురు వాద్యగాళ్లను కుదిర్చాడు. వాళ్ల పేర్లూ పాస్‌పోర్టు నంబర్లూ ఉన్న పర్మిట్ కాగితాన్ని బార్డరుకు ఫ్యాక్స్ చెయ్యమని బుధవారం గంగాధరం చేతికిచ్చాడు. గంగాధరం దాన్ని భద్రంగా జేబులో పెట్టుకున్నాడు. అంతలో రెండో క్లారినెట్ పార్టులో ఒక తప్పు కనిపించింది. దాన్ని దిద్దడంలో లోకం మరిచిపోయి, సాయంత్రం మాసిన చొక్కాను తన చేత్తోనే లాండ్రీ బుట్టలో వేశాడు.

పదిన్నరకు ఫోన్ వచ్చింది. ఏడుగురికీ నాయకుడైన రొమెల్ బార్డరు దగ్గర్నుంచి మాట్లాడుతున్నాడు. కాగితం లేనిదే వదలమంటున్నారట. గంగాధరం పర్మిట్లిచ్చే ఆఫీసుకు పరుగెత్తాడు. తలుపుకు తాళం. గురు, శుక్రవారాలు సెలవు, మళ్లీ శనివారమే తీస్తారు.

"మా వాయిద్యాలు నిన్ననే లారీలో పంపాం. అవైనా చేరాయా?" అని అడిగాడు రొమెల్.

చేరాయి. వెయిటర్ల కోట్ల పక్కన ఏడు నల్లపెట్టెలు వరసగా కూర్చుని ఉన్నాయి. రావలసిన మనుషులే రాలేదు.

జరిగింది జరిగినట్టు ఒప్పుకుందామని గంగాధరం మెనెజెస్ గదికి వెళ్లాడు. ఆయన పక్కన సోఫాలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. లేసు గౌను, చేతికర్ర, ముక్కుకు అడ్డంగా జేబురుమాలు.

"రా గంగాధర్! మా అమ్మ, ఫిలొమేనా. ఎనభై రెండేళ్లు. నాన్న బాణీ మళ్లీ వినడానికి గోవా నుంచి రాత్రే దిగింది. నీ సంగతి మేనేజరు రషీద్ గారితో మాట్లాడేశాను. క్వార్టరు ఫైలు ఆయన చేతిలోనే ఉంటుంది. కచేరీ అవగానే సంతకం. అన్నట్టు, దుబాయి వాళ్లెక్కడిదాకా వచ్చారు?"

ముసలావిడ చల్లగా నవ్వింది. గంగాధరం నోట్లో నిజం సిద్ధంగానే ఉంది, కాని బయటికి వచ్చింది వేరే మాట.

"బార్డరు దాటినారు సార్. దారిలో కొంచెం లేటు. రిహార్సలుకు అందుకోలేరు. నేరుగా స్టేజి మీదికే వస్తారు."

"ఫరవాలేదు. వాళ్లు చూసి వాయించేసే రకం," అన్నాడు మెనెజెస్ ధీమాగా.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అతికించడానికి ఇప్పుడు ఏడుగురు మనుషులు కావాలి. స్టోరులో కూర్చుని జుట్టు పీక్కుంటున్న గంగాధరానికి పోచన్న గుర్తొచ్చాడు.

పోచన్నది మెట్‌పల్లి. ఊళ్లో అతనికి ఒక బ్యాండు ఉండేది. ఒకే ఏజెంటు పుణ్యమా అని ఆ బ్యాండులో ఊదేవాళ్లంతా కట్టగట్టుకుని ఒమన్ వచ్చి, మబేలాలో ఒకే కంపెనీలో సెంట్రింగు పనికి కుదిరారు. పోయిన బతుకమ్మకు వాళ్లు రెండు పాత ట్రంపెట్లను వంతులవారీగా ఊది క్యాంపు రేకులు ఎగరగొట్టడం గంగాధరం చెవులారా విన్నాడు.

"పోచన్నా, నేను గంగాధరం. మీ బ్యాండోళ్లు ఏడుగురూ ఉండారా?"

"ఉన్నం తమ్మీ. ఇయ్యాల హాఫ్ డ్యూటీ. బువ్వ తిని పండుకుందమని జూస్తున్నం."

"పండుకోవద్దు. ఉన్నఫళంగా హోటలుకు రాండి. కచేరీ ఉంది."

"ఎవల పెండ్లి?"

"పెండ్లి కాదన్నా."

"పెండ్లి గానికాడ బ్యాండెందుకే?" అని పోచన్న ఆశ్చర్యపోయాడు. అయినా గంట తిరిగేసరికి ఏడుగురూ చిన్న బస్సులోంచి దిగి, లాండ్రీ గేటు దగ్గర సిమెంటు మరకల చెప్పులు విప్పి నిలబడ్డారు.

లాండ్రీ ఆవిరి గదిలో తలుపులేసుకుని పాఠం మొదలైంది. అక్కడైతే మిషన్ల మోతకు ఏ చప్పుడూ బయటికి రాదు. పెట్టెలు తెరవగానే ఏడుగురి మొహాలూ వెలిగిపోయాయి. సురేందర్ అనే పొడుగాటి మనిషి కొత్త ట్రాంబోన్ గొట్టాన్ని మెల్లగా సాగదీసి చూసి, "ఊళ్లె నా దానికి సైకిల్ ట్యూబు ముక్క జుట్టుంటుండె అన్నా. గిదేమో నెయ్యిల జారినట్లు జారుతున్నది," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాళ్లెవరికీ నోట్సు చదవడం రాదు. గంగాధరం ఒక్కొక్కరి పార్టు క్లారినెట్ మీద వాయించి వినిపించాడు. ఈ స్వింగులో ఒక మెలిక ఉంది. కాగితం మీద రెండు స్వరాలూ సమానంగానే కనిపిస్తాయి. వాయించేటప్పుడు మాత్రం మొదటిదాన్ని కాస్త సాగదీసి, రెండోదాన్ని గబుక్కున తన్నాలి. ఆ సంగతి వయొలిన్ల వాళ్ల తలకెక్కించడానికి మెనెజెస్‌కు రెండు నెలలు పట్టింది. పోచన్న ఒక్కసారి విని, "గిది మా బారాత్ నడకనే గదా!" అన్నాడు. నాలుగున్నరకల్లా మొత్తం బాణీ వాళ్ల పెదాల మీదికొచ్చేసింది. చివరన వయొలిన్లు ఒంటరిగా తగ్గిపోయే చోట వీళ్లకు పనేమీ లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

"అంత మంచిగనే ఉన్నది గాని, పంతులెవలు?" అని అడిగాడు పోచన్న.

"పంతులుండడన్నా. సన్నకర్ర పట్టుకుని ముందర ఒకాయన నిలబడుకోనుంటాడు. ఆయన ఎట్ల చెప్తే అట్ల."

"గదే గదా, ఆయననే పంతులు. ఒరేయ్, అందరు ఇనుండ్రి. పాట మర్సిపోతే మర్సిపోండ్రి గాని, పంతులు వేలు మీదికెల్లి మాత్రం నజర్ తియ్యొద్దు."

బ్యాండువాళ్లకు పెళ్లిలో అన్నిటికన్నా పెద్ద నియమం అది. తాళి కట్టే వేళ తుమ్ము లాంటి అపశకునమేదీ ఎవరి చెవినా పడకూడదు. అందుకని పంతులు వేలెత్తి ఆడించగానే, వాయిస్తున్నది ఎంత మంచి పాటయినా సరే, అక్కడే వదిలేసి ఉన్న ఊపిరంతా పెట్టి గట్టిమేళం మోగించాలి. ఆ వేలు ఆడుతున్నంతసేపూ ఆపకూడదు. ఇదంతా గంగాధరానికీ తెలుసు. పోచన్న మాట పూర్తిగా విని ఉంటే అక్కడే సర్దేవాడు కూడా. కాని సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమయ్యా, నాలుగుకు వస్తానంటివి. అయిదు కావస్తాంది. చీర కట్టుకోని గేటు కాడ నిలబడుకోనుండా," అంది పెంచలమ్మ.

"మే, నేను రాలేను. ఈడ పెద్ద తగులాటకంలో ఉండా."

"నీకు తగులాటకం లేని దినం యాడుందిలే. కుల్సుమ్ మేడం కార్లో పిల్చకొస్తానంటాంది. ఆమె గూడా చూస్తాదంట. అదిగాదు గానీ, క్వార్టరు ఖాయమేనా? పాలు పొంగిచ్చేదానికి గిన్నె కొనిపెట్టుకున్యా."

"ఖాయమే, రాండి," అని గంగాధరం ఫోన్ పెట్టేశాడు. పొద్దుట్నుంచి ఆడిన అబద్ధాలన్నిటిలోకీ ఆ ఒక్కటే అతనికి బాధ కలిగించింది.

తరువాత బట్టల సమస్య. వాద్యగాళ్లు వేసుకునే నల్లసూట్లు ఆ స్టోరులో ఉండవు. ఏడుగురికీ సరిపోయేవి వెయిటర్ల తెల్లకోట్లే. అవే తొడిగించి, ఆరున్నరకు హాలు పక్క ద్వారం నుంచి లోపలికి పంపాడు. పంపి, అటు తిరిగి చెమట తుడుచుకునేలోపే గొడవ మొదలైంది. తెల్లకోటు చూసి ఒక అతిథి పోచన్నను మంచినీళ్లడిగాడు. ఇంకొకావిడ నిమ్మరసం అడిగింది. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం మెట్‌పల్లి మర్యాద కాదు. గంగాధరం వచ్చి చూసేసరికి ఏడుగురూ చంకలో వాయిద్యాలతో, చేతిలో ట్రేలతో టేబుళ్ల మధ్య తిరుగుతున్నారు.

"పోచన్నా, ఏం చేస్తాండావు?"

"వాళ్లడుగుతున్నరు తమ్మీ. పెండ్లోళ్లు అడిగితె ఇయ్యమా?"

అంతలో మెనెజెస్ రానే వచ్చాడు. ట్రంపెట్ చంకన పెట్టుకుని నిమ్మరసం అందిస్తున్న పోచన్నను చూసి ఆయన నోరు తెరిచాడు.

"ఈయనేనా రొమెల్?"

"ఈయనే సార్."

"రొమెల్, దయచేసి ఇలాంటి పనులు మీరు..."

"మాట్లాడించొద్దు సార్," అని గంగాధరం మధ్యలో దూరాడు. "కచేరీకి ముందు పెదాలు కదిపితే ఊపిరి చెదురుతాదని వీళ్లు మౌనవ్రతం పడతారు. అతిథుల సేవ చేసి స్టేజెక్కడం వీళ్ల ఆచారం."

పోచన్న గంభీరంగా తలూపాడు. మెనెజెస్ కదిలిపోయాడు. తన ఆర్కెస్ట్రా వైపు తిరిగి, కళాకారుడంటే ఇలా ఉండాలని రెండు నిమిషాలు క్లాసు తీసుకున్నాడు. వయొలిన్ల వాళ్లు తలలు వంచుకుని విన్నారు.

ఏడింటికి హాలు నిండింది. ముందు వరసలో ఫిలొమేనా గారు, ఆవిడ పక్కన ఫైలుతో సహా మేనేజరు రషీద్. కచేరీ అయ్యాక ఫిలొమేనా గారి మీద చల్లడానికి తెప్పించిన గులాబీ రేకుల పళ్లేలు వాళ్ల వెనక వరస టేబుళ్ల మీద ఉన్నాయి. కుల్సుమ్ మేడం, పెంచలమ్మ వచ్చి ఆ టేబులు దగ్గరే కూర్చున్నారు. గంగాధరం తెర చాటున నిలబడి వెంకటేశ్వరుడికీ జిలాని మాస్టరుకూ ఒకేసారి దండం పెట్టుకున్నాడు.

మెనెజెస్ కర్ర ఎత్తాడు. బాణీ మొదలైంది.

నిజం చెప్పాలంటే అంత బాగా సాగుతుందని గంగాధరం కూడా అనుకోలేదు. సాక్సఫోన్లు ఒక మాట అంటే పోచన్న బృందం దానికి ఎదురుమాట అందిస్తోంది. ఆ నడక పట్టుకోలేక రెండు నెలలు తడబడిన వయొలిన్లు, వెనకనుంచి వస్తున్న తోపుకు తమకు తెలియకుండానే ఊగడం మొదలెట్టాయి. మూడో పేజీకి హాల్లో కాళ్లు కదిలాయి. ఐదో పేజీకి రషీద్ వేళ్లు ఫైలు మీద దరువేస్తున్నాయి. ఏడుగురి కళ్లూ మెనెజెస్ మీదే ఉన్నాయి. ఇంతటి ఏకాగ్రత ఆయన తన జీవితంలో చూసి ఉండడు. గంగాధరానికి మళ్లీ ఆ తలుపు, దాని గడియ కళ్లముందు కనిపించాయి.

బాణీ చివరికొచ్చింది. పోచన్న బృందం వాయిద్యాలు ఒళ్లో పెట్టుకున్నారు. వయొలిన్లు మెల్లగా, ఇంకా మెల్లగా తగ్గుతున్నాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో, ఏసీ చల్లదనానికి పొద్దుట్నుంచి ముక్కు తుడుచుకుంటున్న ఫిలొమేనా గారు తుమ్మింది.

ఎనభై రెండేళ్ల మనిషిలో అంత తుమ్ము ఉంటుందని ఎవరూ ఊహించరు. వయొలిన్లు ఉలిక్కిపడ్డాయి. ముందు వరసలోని తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. వయొలిన్లను కుదుటపరచడానికి, తొణక్కండి, ఇంకా మెల్లగా అన్నట్టు మెనెజెస్ ఎడమచేతి చూపుడువేలెత్తి ఆడించాడు.

ఒంటి తుమ్ము. పంతులు వేలు. బ్యాండువాడికి ఇంకేం కావాలి?

ఏడు వాయిద్యాలు ఒక్కసారిగా లేచాయి. పైనున్న గాజు దీపాల గుత్తులు గలగలమన్నాయి. మెనెజెస్ బిత్తరపోయి, ఆపండి ఆపండి అని వేలు ఇంకా జోరుగా ఆడించాడు. ముహూర్తం దాటిపోతోంది కాబోలని పోచన్న రెట్టింపు ఊదాడు. మెనెజెస్ కర్ర పారేసి రెండు చేతుల వేళ్లూ ఆడించాడు. రెండు వేళ్లు ఆడించే పంతుల్ని పోచన్న ముప్పై ఏళ్ల అనుభవంలో చూడలేదు. రెండు జంటలున్నాయేమో అనుకుని సురేందర్‌కు సైగ చేశాడు. సురేందర్ లేచి నిలబడి గొట్టం ఆసాంతం సాగదీశాడు. డ్రమ్ముల దగ్గరున్న సింహళ కుర్రాడు కాసేపు గుడ్లప్పగించి చూసి, తాళలేక తనూ దూకాడు. తమ పరువు కోసం వయొలిన్లూ, వాటి వెనక సాక్సఫోన్లూ శక్తికొద్దీ అందుకున్నాయి.

వెనక వరసలో పెంచలమ్మ చెయ్యి దానంతట అదే లేచింది. పుట్టి బుద్ధెరిగాక గట్టిమేళం విని అక్షింతలు వెయ్యకుండా ఊరుకున్న చెయ్యి కాదది. దోసెడు గులాబీ రేకులు తీసి ముందుకు విసిరింది. ఇది ఈ కచేరీ పద్ధతి కాబోలని కుల్సుమ్ మేడం కూడా ఒక గుప్పెడు వేసింది. ఆమెను చూసి పక్క టేబులు, దాన్ని చూసి ఇంకో టేబులు. ఫిలొమేనా గారి మీద పడవలసినవి పడ్డాయి, మిగతావి రషీద్ బట్టతల మీదా ఫైలు మీదా పడ్డాయి.

చివరికి మెనెజెస్ చేతులు నొప్పెట్టి కిందికి వాలాయి. వేలు దిగింది. ఏడుగురూ ఠక్కున ఆపేశారు, వాళ్లతోపాటు మిగతావాళ్లూ. ముప్పై ఒక్కమంది ఒకే క్షణంలో ఆగడం ఆ ఆర్కెస్ట్రాలో అదే మొదటిసారి.

హాలు బొమ్మలా ఉండిపోయింది. తెర చాటున గంగాధరం నేలమీద కూలబడ్డాడు. క్వార్టరు పోయింది. ఉద్యోగం పోయింది. పెంచలమ్మ కొన్న పాలగిన్నె గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చింది.

అప్పుడు ముందు వరసలో చేతికర్ర చప్పుడైంది. ఫిలొమేనా గారు లేచి నిలబడింది. తల నిండా గులాబీ రేకులు.

"ఇదే!" అంది హాలంతా వినిపించేలా. "ఒరే బాబూ, మీ నాన్న చివరి పేజీ ఇదే! నీకెక్కడ దొరికిందిరా?"

ఒక్క క్షణం తరువాత హాలు మొత్తం లేచింది. చప్పట్లు, ఈలలు, మళ్లీ మళ్లీ అని కేకలు. మెనెజెస్ తల్లి మొహం చూశాడు. తన వేలు చూసుకున్నాడు. పోచన్నను చూశాడు. అప్పుడాయనకు ఏదో లీలగా బోధపడినట్టుంది. భయం భయంగా వేలెత్తాడు. గట్టిమేళం మళ్లీ మోగింది. పెంచలమ్మ మళ్లీ పళ్లెం అందుకుంది.

కచేరీ అయ్యాక తెర వెనక మెనెజెస్ పోచన్నను కావలించుకున్నాడు. "రొమెల్! ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇది?"

మౌనం గడువు తీరిందని పోచన్న అనుకున్నాడు. "రొమెల్ ఎవలు సార్? నేను పోచన్నను. మాది మెట్‌పల్లి," అన్నాడు హిందీలో.

ఇక దాచేందుకేమీ మిగల్లేదు. గంగాధరం జేబులోంచి కాగితం ముద్ద తీసి మెనెజెస్ చేతిలో పెట్టాడు. బార్డరు, సెంట్రింగు, ఆవిరి గది, మౌనవ్రతం అన్నీ వరసగా ఒప్పుకున్నాడు. చివరన గట్టిమేళం అంటే ఏమిటో వివరించాడు. "తప్పు నాదే సార్. మంచి జరిగే వేళ చెడు శబ్దం వినపడగూడదని మావాళ్లు అట్ల వాయిస్తారు. వాళ్లనేమీ అనొద్దండి."

మెనెజెస్ ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతలో నెత్తిమీది రేకులు దులుపుకుంటూ రషీద్ లోపలికొచ్చాడు. "అద్భుతం మెనెజెస్! ఆ చివరి పేజీ వెతికి పట్టిందెవరు?"

గంగాధరం కళ్లు మూసుకున్నాడు.

"మా లైబ్రేరియన్," అన్నాడు మెనెజెస్, ముద్దను జేబులో వేసుకుంటూ.

రషీద్ ఫైలు తెరిచి, రెండు గులాబీ రేకులు ఊది, సంతకం పెట్టేశాడు.

గంగాధరం పెంచలమ్మ కోసం హాల్లోకి పరుగెత్తబోతుంటే ఫిలొమేనా గారు చేతికర్రతో అడ్డగించి, చెవి దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"అమ్మగారూ, నిజంగా ఆ పేజీ అట్లనే ఉండేదా?" అని అడిగాడు అతను ఆత్రంగా.

"నాకేం తెలుసు నాయనా. మా ఆయన ఆ పేజీ వాయించే వేళకు నేను ఇంట్లో వీణ్ణి జోకొడుతూ ఉండేదాన్ని. ఒక్కసారి కూడా వినలేదు." ఆవిడ జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంది. "నిండు సభలో అంత తుమ్ము తుమ్మాను. అందరూ నావైపే తిరిగారు. సిగ్గుతో చచ్చిపోదామనుకున్నాను. మీవాళ్లు నా పరువు కాపాడారు. మీ పరువు కాపాడటానికి నేనొక్క మాట అనకూడదా?"

గంగాధరం వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు.

శనివారం పర్మిట్ ఆఫీసు తెరిచారు, దుబాయి వాళ్లు వచ్చారు. మెనెజెస్ వాళ్లను పోచన్న ముందు కూర్చోబెట్టి గట్టిమేళం నేర్చుకోమన్నాడు. ఆ పక్క శుక్రవారం కొత్త క్వార్టరులో పాలు పొంగాయి. పెంచలమ్మ తలుపు లోపలినుంచి గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసింది. "బాగానే పడతాంది," అని మొగుడి వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో ఏడు అబద్ధాలాడినా తప్పులేదనిపించింది గంగాధరానికి.

చివరి పేజీని అతనే కొత్తగా రాశాడు, ముప్పై ఒక్క ప్రతులు, కండక్టరుకు ఇంకొకటి. వాటి పైన మెనెజెస్ చెప్పినట్టు "మా నాన్నగారి బ్యాండు వాయించిన ప్రకారం" అని ఇంగ్లీషులో రాశాడు. కండక్టరు ప్రతి అడుగున మాత్రం, తనకూ జిలాని మాస్టరు ఆత్మకూ తప్ప ఎవరికీ అర్థం కాకుండా, చిన్న తెలుగక్షరాలతో ఒక గమనిక చేర్చాడు: "సభలో ఎవరూ తుమ్మని పక్షంలో కండక్టరే తుమ్మవలెను."